కదలకుండా కూర్చుంటే అడవి కనబడుతుంది

ఈ నెల మా పుటకు వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఒకే సంగతి గురించి ఉన్నాయి. చలి తగ్గి, టేకు ఆకు రాలడం మొదలయ్యే రోజులు దగ్గరపడుతున్నందున, స్నేహితులతోనో కుటుంబాలతోనో కలిసి అడవిలో రెండు రోజులు గడిపి వన్యప్రాణులను చూడాలని పలువురు పాఠకులు సన్నాహాలు చేసుకుంటున్నారు. వాటిలో ఐదు ఉత్తరాలను ఎంచుకొని ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మేము కాజీపేటలో ఉదయపు నడకకు కలిసే మిత్రులం. ఐదుగురు పిల్లలతో కలిపి పద్దెనిమిది మందిమి రెండు రాత్రులు ఏదైనా అభయారణ్యంలో గుడారాలు వేసుకొని జంతువులను దగ్గరగా చూడాలని అనుకుంటున్నాం. ఏటూరునాగారమా, పాకాలా, కవ్వాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాం. గుడారాలు, వంటసామాను, చలిమంటకు కట్టెలు మేమే తీసుకుపోతాం. ఎప్పుడు, ఎక్కడికి, ఎలా వెళ్లాలో వివరంగా చెప్పగలరు.
(ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కాజీపేట)

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసిన మాట స్థలం పేరు కాదు, పద్దెనిమిది మంది అన్న లెక్క. చాలా ఏళ్ల కిందట నేను కూడా ఇరవై మందిని వెంటబెట్టుకొని తాడ్వాయి అడవికి వెళ్లాను. రెండు రోజులు తిరిగినా రోడ్డు పక్కన చేయి చాపే కోతులు తప్ప మరో ప్రాణి కనబడలేదు, ఈ అడవిలో ఇక ఏమీ మిగల్లేదని అందరం తీర్మానించుకొని ఇంటికి వచ్చాం. ఆ మరుసటి నెలలో అదే అడవికి, అదే వాగు దగ్గరికి, గూడెంలోని ఒక కోయ పెద్దాయనతో మేము ఇద్దరం మాత్రమే వెళ్లాం. ఆయన మమ్మల్ని ఇసుకలోని ఒక చెలమకు ఎదురుగా, గాలి మా ముఖానికి తగిలే వైపున పొద చాటున కూర్చోబెట్టి, తాను కూడా కూర్చొని, మూడు గంటలసేపు ఒక్క మాటా మాట్లాడలేదు. పొద్దు వాలే వేళకు నెమళ్లు, ఆ తర్వాత దుప్పుల మంద, చివరకు మసక వెలుతురులో ఒక పెద్ద కణుజు (సాంబరు) వచ్చి నీళ్లు తాగి వెళ్లాయి. అడవి మారలేదు, మేము కూర్చున్న తీరు మాత్రమే మారింది. అందువల్ల నా మొదటి సలహా ఏమిటంటే, మీరు పద్దెనిమిది మందీ కలిసి ప్రయాణం చేయండి, కలిసి భోజనం చేయండి, కానీ జంతువులను చూడడానికి మాత్రం ఆరుగురు చొప్పున మూడు జట్లుగా విడిపోయి, ఒక్కో జట్టుకు ఒక స్థానికుడిని తోడు తీసుకొని, వేర్వేరు చోట్లకు వెళ్లండి.

ఇక అనుమతి సంగతి. అభయారణ్యంలోకి ఎవరు ప్రవేశించవచ్చో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ చెబుతుంది, పర్యాటకం, ఫోటోలు తీయడం, అధ్యయనం వంటి పనుల కోసం అనుమతి ఇచ్చే పద్ధతిని 28వ సెక్షన్ చెబుతుంది. అంటే మీరు కోరుకున్నది చట్టం కాదనే కోరికేమీ కాదు, అయితే అడగకుండా వెళ్లడం మాత్రం నేరమవుతుంది. పులుల అభయారణ్యపు కోర్ ప్రాంతంలో, అంటే నడిమధ్యనుండే కట్టుదిట్టమైన భాగంలో, పర్యాటకులు సొంతంగా గుడారాలు వేసుకొని రాత్రి గడపడానికి వీలుండదు. మిగిలిన చోట్ల కూడా అటవీ శాఖ కేటాయించిన విడిది స్థలాల్లోనే రాత్రి బస చేయాలి. కాబట్టి కనీసం నెల రోజుల ముందు సంబంధిత జిల్లా అటవీ అధికారి కార్యాలయానికి స్వయంగా వెళ్లి, అందరి పేర్లు, వయసులు, వాహనాల నంబర్లతో దరఖాస్తు ఇచ్చి, ఏ స్థలంలో ఏ తేదీల్లో ఉండవచ్చో కాగితం మీద రాయించుకోండి. పరిచయం ఉన్న ఎవరో ఫోన్‌లో సరేనన్న మాటను అనుమతిగా భావించి పిల్లలతో బయలుదేరవద్దు. రాత్రి పదింటికి చెక్‌పోస్టు దగ్గర వెనక్కి తిరగవలసి వచ్చిన కుటుంబాలను నేను చూశాను.

స్థలం విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. మీకు మొదటి యాత్రగా ఏటూరునాగారం అభయారణ్యంలోని తాడ్వాయి సరిపోతుంది. హనుమకొండ నుంచి ములుగు మీదుగా 163వ జాతీయ రహదారి నేరుగా ఆ అడవిలోకే తీసుకుపోతుంది, అక్కడ అటవీ శాఖ కుటీరాలు ఉన్నాయి, ఆడవారికీ పిల్లలకూ మరుగుదొడ్ల ఇబ్బంది ఉండదు. పిల్లలు పడుకోవడానికి కుటీరం, పెద్దలకు ఆవరణలో అనుమతిస్తే గుడారాలు అన్న ఏర్పాటు మీకు బాగా కుదురుతుంది. దగ్గరలోనే దామరవాయి గుట్టల మీద స్థానికులు రాక్షస గుళ్లు అని పిలిచే పెద్ద రాతిపలకల సమాధులు ఉన్నాయి. మధ్యాహ్నం జంతువులన్నీ నీడ పట్టున ఉండే సమయంలో పిల్లలకు వాటిని చూపించవచ్చు. పాకాల మీకు మరీ దగ్గర, వరంగల్‌కు సుమారు 50 కిలోమీటర్లే. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 13వ శతాబ్దపు తొలి రోజుల్లో కట్టిన ఆ చెరువు చుట్టూ అడవి పరచుకొని ఉంటుంది, చలికాలంలో వలస బాతులు దిగుతాయి. అయితే ఆ నీళ్లలో మొసళ్లు ఉంటాయి గనుక పిల్లలను ఒడ్డుకు దిగనివ్వకూడదు. నన్నడిగితే యాత్రకు ముందు ఒక ఆదివారం అందరూ పాకాలకు వెళ్లి, రెండు గంటలు మాట్లాడకుండా కూర్చోవడం సాధన చేసి రండి. ఆ రెండు గంటలు కూర్చోలేని వారిని తాడ్వాయి జట్టులో చేర్చుకోకపోయినా తప్పులేదు. కవ్వాల్‌ను మరో ఏటికి ఉంచండి, ఎందుకో తర్వాతి జవాబులో చెబుతాను.

కాలం గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. వానాకాలంలో అడవి అందంగా ఉంటుంది గాని, నీళ్లు ప్రతి పల్లంలోనూ దొరుకుతాయి గనుక జంతువులు ఒక చోటికి రావలసిన అవసరం ఉండదు, పచ్చదనం అడ్డుగోడలా నిలుస్తుంది, జూలై నుంచి సెప్టెంబరు దాకా పులుల అభయారణ్యాల్లో సందర్శనలు మూసి ఉంచుతారు కూడా. ఏప్రిల్, మే నెలల్లో చెలమల దగ్గర జంతువులు బాగా కనబడతాయి, కానీ ఆ ఎండలు పిల్లలు తట్టుకోలేరు, అడవి మంటల కాలం కూడా అదే. అందుకని ఆకు చాలావరకు రాలి చూపు సాగే, ఎండ ఇంకా ముదరని ఫిబ్రవరి రెండో సగం మీకు మంచిది. ఒక్క జాగ్రత్త అవసరం. రెండేళ్లకొకసారి మాఘమాసంలో మేడారం సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. జాతర ఏడాదిలో ఆ పున్నమికి ముందూ వెనకా మూడు నాలుగు వారాలు ఆ దారులన్నీ భక్తులతో, బండ్లతో నిండి ఉంటాయి. తల్లుల దర్శనానికి ఆ రోజుల్లో వెళ్లండి, దుప్పుల కోసం మాత్రం వెళ్లవద్దు.

గుడారం ఎక్కడ వేయాలన్నది అందం చూసి నిర్ణయించే విషయం కాదు. వాగు ఒడ్డున మెత్తని ఇసుక చూడగానే అందరికీ అక్కడే వేయాలనిపిస్తుంది, కానీ అది రాత్రిపూట జంతువులు నీటికి నడిచే బాట. మీరు అక్కడ పడుకుంటే అవి ఆ రాత్రి దప్పికతో తిరిగిపోతాయి. నీటికి కనీసం రెండు మూడు వందల అడుగుల దూరంలో, నేల కాస్త ఎత్తుగా ఉన్న చోట వేసుకోవాలి. తల ఎత్తి పైకి చూడడం కూడా మరవకూడదు. 2024 ఆగస్టు 31న వచ్చిన పెనుగాలికి తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో దాదాపు యాభై వేల చెట్లు నేలకూలాయి. అంతటి గాలి మళ్లీ రాకపోవచ్చు గాని, సగం విరిగి పక్క చెట్టుకు చిక్కుకొని వేలాడే కొమ్మ చిన్న గాలికే జారి పడుతుంది. ఎండు కొమ్మలున్న చెట్టు కింద, పెద్ద తేనెపట్టు ఉన్న చెట్టు కింద గుడారం వేయకూడదు. తేనెటీగలను పొగ, ఘాటైన అత్తరు వాసన రెచ్చగొడతాయి గనుక అత్తర్లూ, సువాసన పూతలూ ఇంటి దగ్గరే వదిలిపెట్టండి. జంతువులు మిమ్మల్ని ముందుగా పసిగట్టేది కూడా ముక్కుతోనే.

చలిమంట గురించి మీరు ముచ్చటపడి రాశారు, కాదనడానికి నాకు బాధగానే ఉంది, అయినా కాదనే అంటాను. అభయారణ్యానికి ముప్పు కలిగేలా నిప్పు పెట్టడాన్నీ, నిప్పును ఆర్పకుండా వదిలిపోవడాన్నీ పైన చెప్పిన వన్యప్రాణి సంరక్షణ చట్టమే 30వ సెక్షన్‌లో నిషేధిస్తుంది. ఫిబ్రవరిలో రాలిన టేకాకు కాగితంలా ఎండి ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ గాలికి లేచి ఆ ఆకుల్లో పడితే నేల మీద గుడ్లు పెట్టే పిట్టలు, తాబేళ్లు, అప్పుడే మొలిచిన చిన్న మొక్కలు కాలిపోతాయి. పెద్ద చెట్లు నిలబడే ఉంటాయి గనుక ఏమీ కాలేదని దూరం నుంచి అనుకుంటాం. విడిది దగ్గర వంటకు కేటాయించిన చోటు ఉంటే అక్కడే గ్యాసు పొయ్యి మీద అన్నం, పప్పు వండుకోండి. అడవిలోకి పోయేటప్పుడు మన ఇళ్లలో చేసుకొనే సర్వపిండి, జొన్నరొట్టె, పులిహోర సద్ది కట్టుకుపోతే చాలు. వాటిని గుడ్డలోనో డబ్బాలోనో కట్టుకోవాలి తప్ప గలగలలాడే ప్లాస్టిక్ సంచుల్లో కాదు. చెలమ దగ్గర గంట నుంచి ఎదురు చూస్తున్న జట్టు శ్రమంతా ఒక చిప్స్ పొట్లం చప్పుడుతో పోయింది, అది నా కళ్లముందు జరిగింది.

చూసే పద్ధతికి వద్దాం. టేకు అడవిలో రాలిన ఆకుల మీద నడవడం అంటే అప్పడాల మీద నడవడమే, ఎంత మెల్లగా అడుగు వేసినా ఆ చప్పుడు చాలా దూరం వినబడుతుంది. నడిచి వెతకడం వల్ల ఫలితం లేదనడానికి అది మొదటి కారణం. తెల్లవారకముందే, అంటే ఐదున్నరకల్లా, మీరు కూర్చోదలచిన చోటికి బండి బాట మీదుగా చేరుకొని, ఎనిమిదిన్నర దాకా కదలకుండా ఉండండి, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడే ముందు దాకా మళ్లీ అలాగే చేయండి. తెలుపు, ఎరుపు, పసుపు బట్టలు వద్దు, మట్టిరంగో ఆకురంగో వేసుకోవాలి. చెట్టు మీద కొండముచ్చులు మేస్తుంటే దాని కింద నేలను గమనించండి. అవి చిదిమి పడేసే లేత ఆకుల కోసం, కాయల కోసం చుక్కల దుప్పులు అక్కడికి చేరతాయి. పైనున్న కొండముచ్చుకు దూరదృష్టి, కింద ఉన్న దుప్పికి ఘ్రాణశక్తి ఉంటాయి గనుక ఒకదాని హెచ్చరిక మరొకదాన్ని కాపాడుతుంది. కొండముచ్చు ఖక్కుమని దగ్గినట్టు అరిచి ఆపకపోయినా, దుప్పి ఉలిక్కిపడ్డ ఈల వేసినా, కణుజు ఢాంకుమని మోగినా, వేటాడే జంతువు ఏదో దగ్గరలో కదులుతున్నదని అర్థం చేసుకోవాలి. చిరుత కావచ్చు, రేచుకుక్కల గుంపు కావచ్చు. ఆ క్షణంలో లేచి అటు పరుగెత్తకుండా, ఆ అరుపు ఎటు నుంచి ఎటు జరుగుతున్నదో చెవితో వెంబడించగలిగితే, ఆ జంతువు మీ కంటికి కనబడకపోయినా దాని నడక మొత్తం మీకు తెలిసిపోతుంది. పిల్లలకు ఇది చాలా ఇష్టమైన ఆటవుతుంది. ఎవరు ఎన్ని అరుపులు విన్నారో విడిదికి వచ్చాక పుస్తకంలో రాయించండి, ఉపాధ్యాయులు గనుక మీకు నేను వేరే చెప్పనవసరం లేదు.

మన అడవుల్లో మనిషి జాగ్రత్తపడవలసిన జంతువుల్లో మొదటిది ఎలుగుబంటి. దానికి చూపు మందం, తిండి మీద ఉన్నప్పుడు అది చుట్టూ పట్టించుకోదు, మనం దగ్గరికి వెళ్లేదాకా గుర్తించక, గుర్తించిన వెంటనే బెదిరి మీదపడుతుంది. ఇప్పపువ్వు రాలే మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున ఇప్పచెట్ల కిందికి అది తప్పక వస్తుంది. అందుకే పొదలు దట్టంగా ఉన్న దారిలో నడవవలసి వస్తే అక్కడ మాత్రం మౌనం పాటించకుండా మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ పొండి. ఇంకొక ప్రమాదం జంతువులది కాదు. అడవి అంచు పొలాల్లో అడవిపందుల కోసం కొందరు దొంగచాటుగా కరెంటు తీగలు పరుస్తారు, వాటికి తగిలి మనుషులు చనిపోయిన సంఘటనలు మన జిల్లాల్లో పలుమార్లు జరిగాయి. చీకటి పడ్డాక విడిది ఆవరణ దాటి ఎవరూ, ఎంత దగ్గరికైనా, కాలినడకన వెళ్లకూడదన్నది మీ యాత్రకు మొదటి కట్టుబాటుగా పెట్టుకోండి.

ప్రశ్న: పులిని చూడాలని కవ్వాల్‌కు మూడుసార్లు వెళ్లాం. ఒక్కసారి కూడా కనబడలేదు. ఎక్కడ బస చేస్తే పులి కనబడే అవకాశం ఎక్కువగా ఉంటుంది?
(ఒక సింగరేణి ఉద్యోగి, మంచిర్యాల)

జవాబు: కవ్వాల్‌కు అభయారణ్యంగా 1965 నుంచి చరిత్ర ఉంది, 2012లో అది పులుల అభయారణ్యమైంది. సుమారు 893 చదరపు కిలోమీటర్ల కోర్, దాని చుట్టూ 1,120 చదరపు కిలోమీటర్లకు పైగా బఫర్, అంటే అంచు అడవి, ఉన్నాయి. ఇంత అడవి ఉన్నా అక్కడ పులి స్థిరంగా కాపురం పెట్టడం కష్టంగా ఉంది. మహారాష్ట్రలోని తాడోబా, తిప్పేశ్వర్ అడవుల్లో పులులు పెరిగి, వయసుకు వచ్చిన పిల్లపులులు సొంత జాగా వెతుక్కుంటూ పెన్‌గంగ, ప్రాణహిత నదులు దాటి మన వైపు వస్తాయి. అవి ఎక్కువగా తిరిగేది కాగజ్‌నగర్, సిర్పూర్, బెజ్జూరు ప్రాంతపు అడవుల్లో, అంటే కవ్వాల్‌కు చేరే నడవలో. ఆ నడవలో ఊళ్లు, పత్తి చేలు, రైలు పట్టాలు, రోడ్లు ఉన్నాయి. పులికి అది ఇల్లు కాదు, ప్రయాణ మార్గం మాత్రమే.

అక్కడికి వెళ్లి బస చేయమని నేను చెప్పను. 2020 నవంబరులో ఆ అడవులున్న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పులి దాడిలో ఇద్దరు గిరిజన యువజనులు చనిపోయారు. పత్తి ఏరడానికి వెళ్లేవాళ్లు ఈనాటికీ గుంపులుగా, పొద్దెక్కాక వెళ్లి పొద్దుండగానే తిరిగి వస్తున్న చోటికి మనం వినోదం కోసం గుడారాలు తీసుకుపోవడం సరికాదు. అలా వెళ్లే జనం వల్ల కొత్త చోట భయపడుతూ తిరిగే ఆ పులి ఊళ్ల వైపు మళ్లితే దాని పర్యవసానం అనుభవించేది ఆ రైతులే.

మీరు నాలుగోసారి కవ్వాల్‌లోని జన్నారం వెళ్లండి, అటవీ శాఖ సఫారీలోనే వెళ్లండి, కానీ ఈసారి పులి కోసం కాకుండా పులి తినే జంతువుల కోసం వెళ్లండి. కడెం పరిసరాల గడ్డి మైదానాల్లో దుప్పులు, నీలుగాయిలు ఎన్ని ఉన్నాయో, వాటి పిల్లలు ఎన్ని ఉన్నాయో లెక్క రాసుకోండి. పులి నిలబడుతుందా లేదా అన్నది ఆ లెక్క మీదే ఆధారపడి ఉంటుంది. దారి దుమ్ములో అడుగులు కనబడితే బండి దిగకుండా గమనించండి. పిల్లి జాతి జంతువుల అడుగులో గోళ్ల గుర్తు పడదు, కుక్క జాతి అడుగులో పడుతుంది. మడమ గుర్తు వెనుక అంచు మూడు వంపులుగా కనబడితే అది పులిదో చిరుతదో అవుతుంది. చిరుత అడుగు సాధారణంగా 10 సెంటీమీటర్ల వెడల్పుకు లోపే ఉంటుంది, ఎదిగిన పులిది అంతకంటే బాగా పెద్దది. ఒకసారి ఆ దుమ్ములో తెల్లవారుజామున పడిన తాజా అడుగు చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం, మరో రాష్ట్రంలో పాతిక జీపుల మధ్య పులిని ఎదురుగా చూసినప్పుడు కలగలేదు. ఇది మిమ్మల్ని ఊరడించడానికి చెబుతున్న మాట కాదు, నేను అనుభవించిన నిజం.

ఇంకొక సూచన. బెజ్జూరు, పెంచికల్‌పేట వైపు పెద్దవాగు ఒడ్డున పాలరాపు గుట్ట అనే నిట్టనిలువు కొండచరియ ఉంది. దాని మీద పొడవు ముక్కు రాబందులు గూళ్లు పెట్టే సంగతి 2013 ప్రాంతంలో వెలుగులోకి వచ్చింది. 2006లో నిషేధించేదాకా పశువులకు వాడిన డైక్లోఫినాక్ అనే నొప్పి మందు వల్ల దేశమంతటా రాబందులు దాదాపుగా నశించిపోయిన తర్వాత మన దగ్గర ఆ కొద్ది పక్షులు ఇంకా మిగిలి ఉంటే, వాటిని అటవీ అధికారుల అనుమతితో, దూరం నుంచి దుర్భిణితో చూడగలిగితే అది పులి దర్శనానికి ఏమాత్రం తీసిపోదు. అవి పొదిగే చలికాలంలో మాత్రం గుట్ట దగ్గరికి పోవద్దు.

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం జువాలజీ చదువుతోంది. కళాశాల బృందంతో మూడు రోజులు ఏటూరునాగారం అడవికి వెళ్తానంటోంది. పాముల భయంతో నేను ఒప్పుకోలేకపోతున్నాను. పంపమంటారా?
(ఒక తల్లి, కరీంనగర్)

జవాబు: పంపండి అమ్మా. మీ భయం అర్థం లేనిది కాదు, అందుకే ఏ జాగ్రత్తతో పంపాలో చెబుతాను. గుడారంలో పడుకొనేవారికి ఎక్కువ ప్రమాదకరమైనది కట్లపాము. అది రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారి పక్కలోకి చేరుతుంది, దాని కాటు చాలాసార్లు నొప్పి పెట్టదు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, కనురెప్పలు వాలిపోతూ, మింగడానికి ఇబ్బంది పడుతుంటే అది తిన్నది పడకపోవడం కాదని, పాముకాటు కావచ్చని గుర్తించాలి. దీనికి నివారణ సులభం. కింది గుడ్డ కుట్టి ఉన్న, జిప్పు పూర్తిగా మూసుకొనే గుడారం ఉండాలి, లోపలికీ బయటికీ పోయిన ప్రతిసారీ జిప్పు మూయాలి, తిండి పదార్థాలు లోపల పెట్టుకోకూడదు, ఎందుకంటే వాటికోసం ఎలుక వస్తుంది, ఎలుక కోసం పాము వస్తుంది. రాత్రి బయటికి వెళ్లేటప్పుడు చీలమండ దాటే బూట్లు, చేతిలో టార్చిలైటు, పక్కన ఒక స్నేహితురాలు తప్పనిసరి. ఉదయం బూట్లు దులిపి వేసుకోవాలి.

ఒకవేళ కాటు పడితే గాటు కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం చేయకూడదు. కాటు పడిన కాలినో చేతినో బద్దకట్టి కదలకుండా చేసి, 108కు ఫోన్ చేసి, లేదా చేతిలో ఉన్న వాహనంలోనే, విషానికి విరుగుడు మందున్న ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకే మందు పనిచేస్తుంది గనుక పామును పట్టుకోవడానికో చంపడానికో సమయం వృథా చేయనవసరం లేదు. వెళ్లే ముందే ఏటూరునాగారం, ములుగు ఆసుపత్రులకు ఫోన్ చేసి ఆ మందు నిల్వ ఉందో లేదో కనుక్కోవలసిందిగా అధ్యాపకులను కోరండి. ఆ ప్రశ్నకు విసుక్కొనే నిర్వాహకులైతే పంపవద్దు. ఆ బాధ్యత తీసుకున్నవారే పిల్లలను అడవికి తీసుకుపోవడానికి తగినవారు.

పాము కంటే ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేది మలేరియా. ఆ ఏజెన్సీ ప్రాంతంలో అది పాత సమస్య. సాయంత్రం నుంచే నిండు చేతుల చొక్కా వేసుకోవాలి, దోమతెర వాడాలి. తిరిగి వచ్చిన తర్వాత నెల రోజుల్లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా, తాను అడవిలో పడుకున్నానని వైద్యుడికి చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి.

ప్రశ్న: పక్షుల కూతలను ఫోన్‌లో వినిపిస్తే అవి దగ్గరికి వస్తాయని, మంచి ఫోటోలు దొరుకుతాయని మిత్రులు అంటున్నారు. అలా చేయవచ్చా?
(ఒక విద్యార్థి, భూపాలపల్లి)

జవాబు: చేయకూడదు తమ్ముడూ. ఆ పక్షి మీ దగ్గరికి వచ్చేది స్నేహంతో కాదు, తన జాగాలోకి శత్రువు వచ్చాడన్న కంగారుతో వస్తుంది. గూటిలో గుడ్లను వదిలి వచ్చిన ఆ పది నిమిషాల్లో కాకో, ఉడుమో వాటిని తినిపోవచ్చు. జంతువులను వేధించడం, అభయారణ్యంలో చెత్త వేయడం రెండింటినీ చట్టం ఒకే చోట, 27వ సెక్షన్‌లో నిషేధించింది. ఫోటో తీశాక ఆ చోటి గుర్తును తొలగించి మాత్రమే ఇతరులతో పంచుకోండి. మీరు సంతోషంతో పెట్టిన గూటి ఫోటో వేటగాడికి దారి చూపుతుంది.

ప్రశ్న: మాది తాడ్వాయి మండలంలో అడవిని ఆనుకొని ఉన్న గూడెం. సెలవు రోజుల్లో పట్టణాల నుంచి బృందాలు వచ్చి వాగు దగ్గర వంటలు చేసుకొని, సీసాలు, ప్లాస్టిక్ పళ్లాలు వదిలి వెళ్తున్నాయి. పగిలిన సీసాలతో మా పశువుల కాళ్లు తెగుతున్నాయి. అడిగితే మీకేం అధికారం ఉంది అంటున్నారు. మేమేం చేయగలం?
(ఒక కోయ యువకుడు, ములుగు జిల్లా)

జవాబు: మీ ఉత్తరం చదివి నేను చాలా సిగ్గుపడ్డాను, ఎందుకంటే అలాంటి బృందాలను అడవికి రమ్మని ప్రోత్సహించే రాతలు రాసినవారిలో నేనూ ఒకడిని. మీకు అధికారం ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ ప్రకారం అడవిని, వన్యప్రాణులను, నీటి వనరులను కాపాడే అధికారం గ్రామసభకు, అటవీ హక్కులున్నవారికి ఉంది. మీ గ్రామసభను సమావేశపరిచి, వాగు దగ్గర వంటలు, సీసాలు, రాత్రి బసలు ఉండకూడదని తీర్మానం రాసి, సంతకాలు, వేలిముద్రలు వేయించి, ఒక ప్రతిని అటవీ రేంజ్ కార్యాలయానికి, ఒకటి పంచాయతీకి, ఒకటి ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయానికి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఎవరైనా వచ్చినప్పుడు వాదనకు దిగకుండా, బండి నంబరు కనబడేలా ఫోటో తీసి, తేదీ, సమయం రాసి బీట్ అధికారికి పంపండి. ఇలా నాలుగైదు నమోదైతే అధికారులు కదలక తప్పదు.

దీనితోపాటు, ఊరి యువకులు పదిమంది కలిసి దారి చూపే పనిని మీ చేతుల్లోకి తీసుకోవడం గురించి అటవీ శాఖతో మాట్లాడండి. ఏ చెలమ ఎప్పుడు ఎండుతుందో, అడవిదున్నలు ఏ గుట్ట దిగి వస్తాయో మీకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. రోజుకు ఇంత అని ముందుగా నిర్ణయించి, ఒక్కొక్కరి వెంట ఆరుగురికి మించకుండా, సంచులు తెరిచి చూసి లోపలికి తీసుకుపోయే నియమం పెట్టుకుంటే సీసా వాగు దాకా చేరదు. పై ఉత్తరం రాసిన కాజీపేట ఉపాధ్యాయుడు ఫిబ్రవరిలో మీ వైపే రాబోతున్నారు, ఆయన బృందానికి ముగ్గురు దారి చూపేవారు కావాలి. మీరు సరేనంటే, ఇద్దరి అంగీకారంతో, మీ ఉత్తరాన్ని ఆయనకు చేరవేస్తాను.